రొయ్యతలల యెరువు

గిలకలదిండి రేవున వేకువజామున పడవలు చేరునప్పుడు బేరగాండ్ర దృష్టి యంతయు పెద్ద చేపలమీదనే యుండును. బుట్టల యడుగున మిగిలిన కారలు, చితికిన నెత్తళ్లు మూలకు త్రోయబడును. భీమవరము ప్రాంతమున రొయ్యలను ఎగుమతికి సిద్ధపరచు శాలలలో తలయు పెంకును ఒలిచివేయుదురు. ఈ రెండును కలిసి రొయ్య బరువులో నూటికి దాదాపు 40 వంతులుండును. ఈ తుక్కును కాలువగట్టున పోసినచో రెండవనాటికే నీరు చెడి, దిగువ రైతు నష్టపడును. అదే తుక్కు పొలమునకు మంచి యెరువని చెప్పుటకే యీ వ్రాత.

చేపయెరువునందు నూటికి 4 మొదలు 10 వంతుల వరకు నత్రజనియు, 3 మొదలు 9 వంతుల వరకు భాస్వరికామ్లమును ఉండును. ఆముదపు పిండిలో నత్రజని 4 వంతులకు కొంచెము మించును, అంతే. పొటాషు మాత్రము చేపలో స్వల్పము. దానిని వేరుగ వేయవలెను.

ఇది క్రొత్త సంగతి కాదు. వ్యవసాయ బ్యాంకులను గూర్చి 1895లోను 1897లోను మదరాసు ప్రభుత్వమునకు నివేదికలొసగి, 1904 నాటి సహకార చట్టమునకు దారిచూపిన సర్ ఫ్రెడరిక్ నికల్సను దొరగారే తరువాత మత్స్యశాఖ బాధ్యతను వహించిరి. పడమటి తీరమున విరివిగ పడు నూనెకవళ్లను ఉడికించి, పిండి, నూనె వేరుచేసి, పిప్పిని యెండబెట్టి యెరువుచేయు పద్ధతిని వారు వ్యాపింపజేసిరి. మన సంఘమును, ఈ యెరువును ఒకే చేతి చలువ యనవచ్చును!

మేము మొదట నొక పొరపాటు చేసితిమి. దివిసీమలో నొక రైతు అరటితోటయందు పచ్చితుక్కును బెత్తెడు లోతుననే పూడ్పించితిమి. ఆ రాత్రియే కుక్కలును పందులును పాదులన్నియు త్రవ్వివేసినవి. పొరుగువారు కంపుకు తాళలేక మమ్ము పిలిపించిరి. తోట యజమాని మమ్మేమియు అనలేదు; అది మాకు మరింత కష్టముగ నుండెను.

నాటినుండి వేరు పద్ధతి నవలంబించితిమి. తాజా చేపతుక్కును ముక్కలుచేసి, సరితూకము బెల్లము కలిపి, కుండలోనో డ్రమ్ములోనో వేసి, మూతికి గుడ్డకట్టి నీడనుంచవలెను. మూడు నాలుగు వారములకు కరగును. వడగట్టి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్లకు మించకుండ సాయంకాలము చల్లవలెను. చిక్కగ చల్లినచో ఆకు మాడును. బెల్లము ఖరీదునుబట్టి ఇది కూరపాదులకు, నారుమళ్లకు గిట్టును గాని ఎకరములకొలది వరికి గిట్టదు. వరికి రొయ్యపెంకుల నెండబెట్టి, పొడిచేసి, పెంటతో కలిపి, పైన మట్టి దట్టముగ కప్పి మాగనిచ్చుట మేలు.

పెంకులో సున్నముతోపాటు ఖైటిను అను పదార్థమును కలదు. దానినుండి తీయు ఖైటోసాను గాయపు కట్లకును, నీటిశుద్ధికిని ఉపయోగపడును. 1957లో ఏర్పడిన కొచ్చిను కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఈ విద్యపై కృషి చేసినది. దానికి విశాఖపట్టణమున శాఖ కలదు. ఘాటైన ఆమ్లములు, క్షారములు కావలసిన పని గనుక ఇది మన యిండ్లలో చేయరానిది. అయినను తట్టెడు పెంకుల కెవ్వరును రారు. సంఘము పది గ్రామముల పెంకులను కూర్చి యెండబెట్టి యుంచినచో బేరము మన చేతిలో నుండును.

రెండు మాటలు మరువరాదు. పచ్చి రొయ్యతలలను రొయ్యల చెరువులలో మేతగ వేయవద్దు. 1994-95లో మన తీరపు చెరువులను ఊడ్చిపెట్టిన తెల్లమచ్చల తెగులు పచ్చి రొయ్యమాంసమువలనను వ్యాపించును. ఉప్పుచేపల తుక్కును పొలమునకు తేవద్దు. శివారు భూములలో చౌడు ఇదివరకే యున్నది. ఊరకే యిచ్చినను దానిని తీసికొనకుడు.