కుంగుబాటు మందులు: స్త్రీ పురుష భేదము

హౌరా నుండి ఖరగ్‌పూరు మార్గమున సాగు లోకల్ రైలునకు మొట్టమొదటి స్టేషను టికియాపారా. కోల్‌కతాకు ఎదురుగా, హుగ్లీ నది ఆవలి గట్టున నున్న ఈ పేటలో రైలు పెట్టెల షెడ్డును, చిన్న కార్ఖానాలును, ఇరుకైన ఇండ్లును కలవు. జనపనార మిల్లులలోను, రైల్వేలోను పనికై ఉత్తరాంధ్రము నుండి వలసవచ్చిన కుటుంబములు పెక్కు ఈ హుగ్లీ తీరమున తరతరములుగా కాపురమున్నవి.

ఇట్టి పేటలో ఒక్క గదిలో కాపురముండు భార్యాభర్తలను ఊహించుకొందము. డిప్రెషన్ అని వైద్యులు వ్యవహరించు కుంగుబాటు భర్తకు కలిగినది. ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలతో గుణము కనబడినది. కొన్నాళ్లకు భార్యకును నిద్ర పట్టదు, అన్నము సహింపదు, ఏ పనిమీదను మనసు నిలువదు. ఆసుపత్రికి పోయినచో ఒకనాటి కూలి పోవును. నలుగురును ఏమనుకొందురో యను బిడియము వేరొకటి. కావున భర్తకు మిగిలిన మాత్రలనే ఆమె మ్రింగ మొదలిడినది. వ్యాధి ఒక్కటే గదా, మందు ఒక్కటైన దోషమేమి?

కుంగుబాటు మనోదౌర్బల్యము కాదు. చికిత్సకు లొంగు వ్యాధి. 1933లో డాక్టరు గిరీంద్రశేఖర్ బోస్ నేటి ఆర్.జి. కర్ వైద్య కళాశాలలో మానసిక రోగులకై ఔట్ పేషెంటు విభాగమును నెలకొల్పిరి. సాధారణ ఆసుపత్రిలో ఇట్టి విభాగము దేశమున అదియే మొదటిది. అప్పటికి ఈ వ్యాధికి తగిన మాత్ర లేదు. 1957లో స్విట్జర్లాండు వైద్యుడు రోలండ్ కూన్ ఇమిప్రమిన్ అను మందు కుంగుబాటును తగ్గించునని ప్రకటించెను. తరువాత వచ్చిన ఫ్లూఆక్సెటిన్‌కు అమెరికాలో 1987లో అనుమతి లభించినది.

ఈ వ్యాధి పురుషులలో కంటె స్త్రీలలో అధికము. అయినను మందుల పరీక్షలలో స్త్రీలకు చాలకాలము తగిన చోటు లభింపలేదు. గర్భస్థ శిశువునకు హాని కలుగునను భయముచే, 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ బిడ్డలను కనదగిన వయసు స్త్రీలను తొలిదశ పరీక్షలనుండి మినహాయింపవలెనని సూచించెను. ఆ సూచన 1993లో రద్దయినది.

2000 సంవత్సరమున డాక్టరు సూసన్ కోర్న్‌స్టీన్, ఆమె సహచరులు ఒక పరిశోధన ఫలితమును ప్రకటించిరి. దీర్ఘకాలిక కుంగుబాటుగల 635 మందిలో కొందరికి ఇమిప్రమిన్, కొందరికి సెర్ట్రలిన్ ఇచ్చి చూచిరి. స్త్రీలకు సెర్ట్రలిన్, పురుషులకు ఇమిప్రమిన్ ఎక్కువ గుణమిచ్చినవి. ముట్లుడిగిన స్త్రీలలో మాత్రము రెండు మందులును ఇంచుమించు సమముగ పనిచేసినవి. అయితే 2002లో డాక్టరు క్విట్‌కిన్ బృందము 1,700కు పైబడిన రోగుల వివరములను పరిశీలించి, చికిత్సలో లెక్కింపదగినంత భేదము లేదని తేల్చెను. అనగా సగటున కొంత భేదముండవచ్చును గాని, స్త్రీయా పురుషుడా యని మాత్రమే చూచి మందు నిర్ణయించుటకు వీలులేదు.

భేదము స్పష్టముగ కనబడునది మందును శరీరము వాడుకొను తీరున. సగటున స్త్రీల కడుపునుండి మందు నెమ్మదిగా ముందుకు సాగును; వారి దేహమున క్రొవ్వు పాలు అధికము. గర్భిణీ దశలో కొన్ని మందులు త్వరగా కరిగిపోయి రక్తమున వాని పాలు తగ్గును. నిద్రమందైన జోల్పిడెమ్ స్త్రీల రక్తమున ఎక్కువసేపు నిలుచుటచే, 2013లో అమెరికాలో వారి మోతాదును సగమునకు తగ్గించిరి.

పురుషుల చిక్కు వేరు. దుఃఖమును పైకి చెప్పక, కోపముగను, త్రాగుడుగను వెలిబుచ్చువారు పెక్కురు. కొన్ని మందులవలన దాంపత్య సుఖమునకు లోపము కలిగినచో, సిగ్గుచే వైద్యునికి చెప్పక మాత్రలు మానుదురు. మన దేశమున ఆత్మహత్యలకు పాల్పడువారిలో పురుషులే అధికులు. కావున ఈ మౌనము ప్రాణాంతకము కావచ్చును.

ఇక మన ప్రశ్నకు సమాధానము. భర్త మాత్ర అతని వయసునకును, ఇతర వ్యాధులకును తగినట్లు నిర్ణయింపబడినది. భార్యకు కలిగినది రక్తహీనత కావచ్చును, థైరాయిడ్ లోపము కావచ్చును. ఆమె గర్భవతియు కావచ్చును. వీనిని పరీక్షింపక మ్రింగిన మాత్ర అసలు వ్యాధిని మరుగుపరచును.

కావున పాఠకులు ఈ విషయములు గుర్తుంచుకొనవలెను. ఒకరి మాత్రలు మరియొకరు వాడరాదు. ముట్టు, గర్భము, చనుబాలు, సంతాన నిరోధపు మాత్రలు, మద్యము, దాంపత్యము: వీనిలో దేనిని గూర్చియు వైద్యునివద్ద దాచరాదు. మందు గుణమిచ్చుటకు రెండు నుండి నాలుగు వారములు, ఒక్కొక్కరికి అంతకంటె ఎక్కువ కాలము పట్టును. గుణము కనబడినదని గాని, గర్భము నిలిచినదని గాని తమంతట తాము మందు మానరాదు. చనిపోవలెనను తలంపు కలిగినచో క్షణమైనను ఆలసింపరాదు. ఇంటివారు ఆ మనిషిని ఒంటరిగా విడువక ఆసుపత్రికి తీసికొని పోవలెను. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరున రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును. అచ్చట తెలుగులోను మాటలాడవచ్చును.