గరిసెకుఁ గావలి గుడ్లగూబ



గుడ్లగూబ యింటిపై వ్రాలినఁ గీడు మూడునని మనలో ననేకులు వెఱతురు. తెల్లని మొగముగల జాతికిఁ ‘జావుపిట్ట’ యనియే పేరిడిరి. ఆ భయముచేతఁ బిల్లలు ఱాళ్లు రువ్వుదురు. దీపావళి దినములలోఁ గొందఱు క్షుద్రపూజలకై చంపుదురు. 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి యిది నేరము.

నందవరము, ఎమ్మిగనూరు, ఆదవాని ప్రాంతములలో వేరుసెనగయు జొన్నయు నింటఁ జేర్చుకొను గృహిణికి ఎలుక చేయు నష్టము చెప్పనక్కఱలేదు. ఈ పక్షి రేయి చప్పుడు లేక యెగిరి, చీఁకటిలో వినికిడిచేతనే యెలుకను బట్టును. ఇది గూడు కట్టదు. పాడుబావులు, చెట్టుతొఱ్ఱలు వెదకికొనును. అవి దొరకనిచోఁ జెక్కపెట్టెయే దానికి నెలవు.

2 అడుగుల పొడవు, 1½ అడుగుల వెడల్పు, అంతే యెత్తు గల పెట్టె చేయించి, ముందుపలక పైభాగమున అరయడుగు ద్వారము విడువవలెను. ద్వారము పైనున్నచోఁ బిల్లలు జాఱిపడవు. నీరు నిలువకుండ అడుగునఁ జిన్న బెజ్జములుంచి, పెరటి వేపచెట్టుపై 12 అడుగుల యెత్తున, పొలమువైపు మొగముగాఁ గట్టవలెను. పక్షి యొక యేఁడు రాకున్నను నిరాశపడరాదు. ఇజ్రాయెలు రైతులు 1983 మొదలుకొని యిట్టి పెట్టెలు నిలిపి పైరులఁ గాచుకొనుచున్నారు.

ఒక్క నియమము: ఎలుకమందు పెట్టరాదు. మందు తిన్న యెలుకను దిని గూబయుఁ జచ్చును.

చావుపిట్ట యను పేరు ఎలుకలపట్ల నిజమే, మనకది గరిసెకాపరి.