చిన్న నారింజ

సిసిలీ ద్వీపమున పలెర్మో నగర వీథులలో నడిచేవారిని కాగే నూనె వాసన పలుకరిస్తుంది. ఒక మూకుటిలో శనగపిండితో చేసిన పల్చని పనెల్లె బిళ్ళలు, వేరొక దానిలో పసిడి వన్నె తిరిగిన అన్నపు ఉండలు వేగుతూ ఉంటవి. ఆ ఉండ పేరు ‘అరంచీనా’. చిన్న నారింజ అని దాని అర్థము.

కుంకుమపువ్వు వేసి వండిన అన్నమును చల్లార్చి, అరచేతిలో దొప్పవలె పరచి, నడుమ టమాటాలతో ఉడికించిన మాంసపు కైమాను, బఠాణీలను పెట్టి ఉండ చుట్టుతారు. దానిని జారుపిండిలో ముంచి, రొట్టెపొడిలో పొర్లించి, నూనెలో వేస్తారు.

ఇది అరబ్బులు తెచ్చిన వంటకమని జనులు చెప్పుకొంటారు. 831లో పలెర్మో అరబ్బుల వశమైనది. 1072లో నార్మనులు దానిని గెలుచుకొన్నారు. వరి, చెరకు, నారింజ ఆ అరబ్బుల కాలముననే అక్కడ పాదుకొన్నవి. అయితే టమాటా అమెరికా పంట. 16వ శతాబ్దికి ముందు ఐరోపా దాని నెరుగదు. 1857లో జుసెప్పె బియుంది ప్రకటించిన సిసిలీ భాషా నిఘంటువులో ఈ మాటకు నారింజ ఆకారముగల తీపి అన్నపు వంటకమనియే అర్థము. కనుక నేటి ఉండ ఒక్కనాటి సృష్టి కాదు.

పేరు మాత్రము మనకు చుట్టము. సంస్కృతమున నారంగము, పారసీకమున నారంగ్, అరబ్బీలో నారంజ్. దీని మూలము ద్రావిడమని పలువురు పండితుల అభిప్రాయము. ఇటలీ చేరిన పిదప మొదటి నకారము జారిపోయి ‘అరాంచా’ అయినది. మన నారింజయు, వారి అరంచీనాయు ఒకే మాట సంతతి.

ఆ పేరుపై వారిలో వారికే తగవు. పలెర్మోలో గుండ్రని ఉండ స్త్రీలింగము. కతానియాలో శిఖరాకారపు ఉండ ‘అరంచీనో’, పుంలింగము. ఇటాలియను భాషలో పండ్ల పేర్లు సాధారణముగా స్త్రీలింగములు; సిసిలీ పలుకుబడిలో నారింజపండు పుంలింగము. 1583లో స్థాపితమైన క్రుస్కా భాషా పరిషత్తు 2016లో రెండును సాధువులే అని తీర్పు చెప్పినది.

తగవు ఎట్లున్నను, డిసెంబరు 13న, లూచియా పుణ్యవతి పండుగనాడు, పలెర్మోలో సంప్రదాయమును పాటించే ఇండ్లలో రొట్టె ముట్టరు. 1646 కరవులో ఆనాడే గోధుమల ఓడ రేవు చేరగా, ఆకలిగొన్న జనము పిండి విసరుటకు తాళలేక గింజలనే ఉడికించి తిన్నదని ఐతిహ్యము. ఆ తలపుతోనే నాడు నగరమంతట ఈ అన్నపు నారింజలు వేగుతవి.