చిప్‌లను చేసే యంత్రాలు, ఇబ్రహీంపట్నం విద్యార్థులు: అపోహలు – వాస్తవాలు

సాగర్ రోడ్డు పట్టుకుని వస్తే మంగళ్‌పల్లి దగ్గర సీవీఆర్, శేరిగూడలో శ్రీ ఇందు, ఇబ్రహీంపట్నంలో గురునానక్... మండలంలో ఏ వైపు చూసినా ఇంజినీరింగ్ కాలేజీయే. మూడో ఏడాది ముగుస్తుందనగా వీటన్నింటిలోనూ ఒకటే ఆరాటం: ఇంటర్న్‌షిప్ ఎక్కడ? 2021 డిసెంబరులో కేంద్రం రూ.76,000 కోట్లతో సెమీకండక్టర్ కార్యక్రమాన్ని ప్రకటించాక ఆ ఆరాటంలోకి చిప్‌లు కూడా వచ్చి చేరాయి. వాటితో పాటే బోలెడు అపోహలూ వచ్చాయి. వాటివల్ల కొందరు పిల్లలు రావాల్సిన అవకాశాన్ని వదులుకుంటున్నారు, కొందరు తల్లిదండ్రులు అప్పుచేసి మరీ డబ్బు పోగొట్టుకుంటున్నారు. అందుకే ఈ వివరణ.

అపోహ: సెమీకండక్టర్ అంటే వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్). ఈసీఈ వాళ్లకు తప్ప ఇంకెవరికీ పనిలేదు.

హైదరాబాద్‌లో చిప్ డిజైన్ కంపెనీలు ఎక్కువ కాబట్టి ఇలా అనుకోవడం సహజం. కానీ డిజైన్ చేసిన చిప్‌ను సిలికాన్ పలక మీదికి ఎక్కించడానికి యంత్రాలు కావాలి. ఆ యంత్రాలను తయారుచేయడం పూర్తిగా వేరే పరిశ్రమ. అప్లైడ్ మెటీరియల్స్, లామ్ రీసెర్చ్, కేఎల్‌ఏ, టోక్యో ఎలక్ట్రాన్, ఏఎస్‌ఎంఎల్ లాంటి కంపెనీలు చేసేది అదే.

సిలికాన్ పలకను చెక్కే ఎచింగ్ యంత్రాన్నే తీసుకోండి. దాని గదిలో గాలి పీడనం బయటి వాతావరణంలో సుమారు లక్షో వంతు ఉంటుంది. కంటికి కనిపించని సందు ఒక్కటున్నా పని చెడుతుంది. అందుకే అతుకుల దగ్గర బయటి నుంచి హీలియం చల్లి, లోపలికి చేరిందేమో పరికరంతో పట్టుకుంటారు. సీలింగ్ రింగు, ఫ్లాంజి, బోల్టు బిగింపు, ఇవన్నీ మెకానికల్ విద్యార్థి చదివిన పాఠాలే. లోపలికి వెళ్లే వాయువులను కొలిచి వదలడం, అవి సిలికాన్‌తో ఎలా చర్య జరుపుతాయో తేల్చడం కెమికల్ వాళ్ల పని. 13.56 మెగాహెర్ట్జ్ విద్యుత్తుతో ప్లాస్మా వెలిగించడం ఎలక్ట్రికల్, ఈసీఈ వాళ్ల పని. పలకను ఎత్తి పెట్టే రోబో చేతిని నడిపే ప్రోగ్రాం, యంత్రం ఫ్యాక్టరీ కంప్యూటర్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్ సీఎస్‌ఈ వాళ్లవి.

ఆ పలక వ్యాసం 300 మిల్లీమీటర్లు, ఇంట్లో వేసే పెద్ద దోసె అంత. పెనం అంచున వేడి తగ్గితే దోసె అంచు పచ్చిగా ఉండిపోయినట్టే, ఇక్కడా అంచున వేడి తేడా వస్తే పలక మీద వేసే పొర మందం మారిపోతుంది. మధ్యకీ అంచుకీ మధ్య ఆ తేడా రాకుండా చూడటానికే హీటర్ ఇంజినీర్లు ఏళ్లు వెచ్చిస్తారు.

అప్లైడ్ మెటీరియల్స్‌కు చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్‌గా పనిచేసిన ఓంకారం నలమాసు పీహెచ్‌డీ చేసింది రసాయన శాస్త్రంలో. మెకానికల్ సీట్లు తగ్గుతూ అందరూ సీఎస్‌ఈ వైపే పరుగెత్తుతున్న ఈ రోజుల్లో ఇక్కడ అన్ని బ్రాంచీలకూ చోటుందన్న సంగతి తల్లిదండ్రులకు తప్పకుండా తెలియాలి.

అపోహ: మన పక్కనే ఫ్యాబ్ (చిప్ ఫ్యాక్టరీ) ఉంది, ఇంటర్న్‌షిప్ ఇక్కడే దొరుకుతుంది.

లేదు. 2006లో రావిర్యాల – తుక్కుగూడ దగ్గర ఫ్యాబ్ సిటీ అని ప్రకటించారు. భూములిచ్చారు, పేరు నిలిచింది, చిప్ ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. ఆ స్థలానికి తర్వాత సోలార్, ఎలక్ట్రానిక్స్ కంపెనీలు వచ్చాయి. కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ గ్రూపు సంస్థకు 2023లో శంకుస్థాపన జరిగింది నిజమే. అది వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీ, అక్కడ చిప్‌లు తయారుకావు. కేన్స్ సంస్థ చిప్ ప్యాకేజింగ్ యూనిట్‌ను కొంగరకలాన్‌లోనే పెడతామని 2023లో చెప్పింది. కానీ 2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించిన ఆ సంస్థ యూనిట్ గుజరాత్‌లోని సనంద్‌కు వెళ్లింది. ఇలా ఆశపడి నిరాశపడటం ఈ ప్రాంతానికి కొత్త కాదు.

యంత్రాల ఇంజినీరింగ్ కేంద్రాలు ఎక్కువగా బెంగళూరులో ఉన్నాయి, కేఎల్‌ఏది చెన్నైలో ఉంది. అలాగని ఊరి చుట్టుపక్కల నేర్చుకోదగ్గది ఏమీ లేదనుకోకూడదు. ఆదిభట్లలో హెలికాప్టర్, విమాన భాగాలు తయారవుతున్నాయి. కొలతలో మైక్రాన్ల పట్టింపు, డ్రాయింగ్‌లో టాలరెన్సు, ప్రతి భాగానికీ రికార్డు అక్కడ రోజువారీ క్రమశిక్షణ. చిప్ యంత్రాలవాళ్లు అడిగేదీ ఇదే. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ లోహాల మీద ప్లాస్మా స్ప్రే, డిటొనేషన్ స్ప్రే పూతల మీద దశాబ్దాలుగా పరిశోధిస్తున్న సంస్థ. ఎచింగ్ గది గోడలను ఫ్లోరిన్ తినెయ్యకుండా వేసే యిట్రియా పూత కూడా ప్లాస్మా స్ప్రేతో వేసేదే. ఉపరితల పూతల మీద మంచి ప్రాజెక్టు చేసిన విద్యార్థికి ఈ పరిశ్రమలో చెప్పుకోవడానికి విషయం ఉంటుంది.

అపోహ: చేరిన మొదటి రోజే తెల్ల సూటు వేసుకుని చిప్‌లు చేస్తారు.

మొదట ఉండేది భద్రతా శిక్షణ. సిలేన్ అనే వాయువు గాలి తగిలితే చాలు, దానంతటదే అంటుకుంటుంది. అలాంటివి పారే గొట్టాల దగ్గరికి విద్యార్థిని ఊరికే పంపరు. ఆ తర్వాత చేతికి యంత్రమంతా ఇవ్వరు, ఒక ముక్క ఇస్తారు. ఒక వాల్వును వేలసార్లు తెరిచి మూసి ఎప్పుడు కారడం మొదలవుతుందో నమోదు చేయడం, దానికొక బిగింపు ఫిక్చర్ గీయడం, సెన్సర్ డేటాను పైథాన్‌లో విశ్లేషించడం, చివరికి నివేదిక రాయడం. పని చిన్నదిగా కనిపించవచ్చు. కానీ వాల్వు ఎందుకు పాడైందో తేల్చిన ఆ నివేదిక ఆధారంగానే తర్వాతి డిజైన్ మారుతుంది. నా దృష్టిలో ఇంజినీరింగ్ విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

అపోహ: డబ్బు కట్టి తెచ్చుకున్న సర్టిఫికెట్ కూడా ఇంటర్న్‌షిప్పే.

డబ్బు కట్టించుకునేది కోర్సు. యంత్రాలు చేసే కంపెనీ ఇంటర్న్ దగ్గర ఫీజు తీసుకోదు. రెండు వారాల వీడియోలు చూపించి సర్టిఫికెట్ చేతిలో పెట్టేవారి దగ్గరికి వెళ్లేముందు, అక్కడ ముట్టుకోవడానికి యంత్రం ఉందా, నివేదిక చదివి తప్పులు దిద్దే ఇంజినీరు ఉన్నాడా అని తల్లిదండ్రులు అడగాలి. ఈ రెండూ లేకపోతే కట్టిన వేలు పోయినట్టే.

అపోహ: ఐఐటీ వాళ్లకే ఇవి అందుతాయి.

పోటీలో వాళ్లు ముందుంటారు, కాదనలేం. అయితే తలుపులు మూసేసి లేవు. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ నడిపే ఐఎన్‌యూపీ కార్యక్రమం కింద బెంగళూరు ఐఐఎస్‌సీ, బొంబాయి ఐఐటీ లాంటి చోట్ల ఉన్న నానో ల్యాబుల్లో బయటి కాలేజీల విద్యార్థులకూ అధ్యాపకులకూ ప్రత్యక్ష శిక్షణ ఇస్తారు. లామ్ రీసెర్చ్ పదేళ్లలో 60,000 మంది భారతీయ ఇంజినీర్లకు తన వర్చువల్ ఫ్యాబ్ సాఫ్ట్‌వేర్ మీద శిక్షణ ఇస్తామని 2023లో ప్రకటించింది.

ఇక మినీ ప్రాజెక్టు ఎలాగూ చేయాల్సిందే. సీనియర్ల ఫైలు తిరగరాసే బదులు, ఒక అల్యూమినియం ప్లేటు కింద హీటరు పెట్టి, పైన తొమ్మిది చోట్ల థర్మోకపుల్స్ అతికించి, అన్నిచోట్లా తేడా ఒక్క డిగ్రీకి మించకుండా కంట్రోలరుతో నిలబెట్టి చూడండి. కాలేజీ ల్యాబులో దొరికే సామానుతోనే అయిపోతుంది. అంచు ఎంత చల్లబడింది, ఎందుకు చల్లబడింది, ఏం మారిస్తే సర్దుకుంది అన్నవి గ్రాఫులతో రాసుకుని ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి.