దళం మారి రిజర్వులోకి: అమెరికా సైన్యంలో పాక్షిక కాల సేవ

సైనికోద్యోగం అనగానే మనకు తెలిసిన చిత్రం ఒకటే. 2022కు ముందు చేరిన యువకుడు భర్తీ ర్యాలీలో ఎంపికై, శిక్షణ ముగించుకొని, పదిహేను ఇరవై ఏళ్ళు దాదాపు ఒకే రెజిమెంటులో పనిచేసి, పింఛనుతో ఊరికి తిరిగివచ్చేవాడు. సైన్యంలో ఉంటే పూర్తిగా ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ రెంటికీ మధ్య ఒక విశాలమైన ప్రదేశం ఉంది. నాలుగేళ్ళు నౌకాదళంలో పూర్తికాలం పనిచేసిన వ్యక్తి బయటికి వచ్చి, కళాశాలలో చేరి లేదా ఉద్యోగం చూసుకొని, నెలకు ఒక వారాంతం మాత్రం వేరొక దళం యూనిఫారం ధరించడం అక్కడ సాధారణ విషయం. ఈ మార్పు ఎలా జరుగుతుందో, దానివల్ల సైనికుడికి ఏమి దక్కుతుందో, ఏమి పోయే ప్రమాదం ఉందో ఈ భాగంలో తెలుసుకుంటారు.

ఎనిమిదేళ్ళ బాధ్యత

మొదటిసారి సైన్యంలో చేరే ప్రతి వ్యక్తికీ అమెరికాలో మొత్తం ఎనిమిదేళ్ళ సైనిక బాధ్యత ఉంటుంది. ఒప్పందం నాలుగేళ్ళ పూర్తికాల సేవకే అయినా తక్కిన నాలుగేళ్ళూ రద్దు కావు. ఆ కాలంలో అతని పేరు 'వ్యక్తిగత సన్నద్ధ రిజర్వు' అనే జాబితాలో ఉంటుంది. ఈ జాబితాలో ఉన్నవారికి కవాతు లేదు, నెలజీతం లేదు. కాని ప్రభుత్వం పిలిస్తే వెళ్ళాలి. ఇరాక్ యుద్ధ సమయంలో, 2004లో, ఇలా జాబితాలో మిగిలినవారిని వేల సంఖ్యలో వెనక్కి పిలిచారు. సైన్యంతో తమ పని అయిపోయిందనుకున్న వారిలో చాలామందికి ఒప్పందంలోని ఈ భాగం అప్పుడే గుర్తుకు వచ్చింది.

మరొక మార్గం, మిగిలిన కాలాన్ని క్రియాశీల రిజర్వులో గడపడం. ఇక్కడ యూనిట్ ఉంటుంది, శిక్షణ ఉంటుంది, చేసిన పనికి వేతనం ఉంటుంది. అమెరికాలో ఇటువంటి రిజర్వు విభాగాలు ఏడు: సైన్యానికి ఆర్మీ రిజర్వు, ఆర్మీ నేషనల్ గార్డు, వైమానిక దళానికి ఎయిర్ ఫోర్స్ రిజర్వు, ఎయిర్ నేషనల్ గార్డు, ఇవికాక నేవీ రిజర్వు, మెరైన్ కోర్ రిజర్వు, కోస్టు గార్డు రిజర్వు. విద్యార్థులు తరచుగా పొరబడేది 'రిజర్వు', 'గార్డు' మాటల దగ్గరే. రిజర్వు పూర్తిగా కేంద్ర ప్రభుత్వానిది. నేషనల్ గార్డు మాత్రం మామూలు రోజులలో రాష్ట్ర గవర్నరు ఆధీనంలో ఉండి, అధ్యక్షుడు పిలిచినప్పుడు కేంద్ర సైన్యంలో భాగమవుతుంది. 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు వీధుల్లో సహాయక చర్యలు చేపట్టిన సైనికుల్లో అత్యధికులు గార్డు సభ్యులే. ఈ ద్వంద్వ స్వభావాన్ని మన రాజ్యాంగ వ్యవస్థలో వెతకకండి. మన గవర్నర్ల ఆధీనంలో సైన్యం లేదు.

దళం ఎందుకు మారతారు?

దేశభక్తి, సాహసం వంటి పెద్ద మాటలకంటే ఇక్కడ దూరం ముఖ్యం. మెరైన్ కోర్ రిజర్వు చిన్నది, దాని యూనిట్లు కొన్ని నగరాల్లోనే ఉంటాయి. ఒక మెరైన్ తన సొంత ఊరికి తిరిగి వచ్చాడనుకోండి. దగ్గరలోని మెరైన్ యూనిట్‌కు వెళ్ళాలంటే నెలనెలా అయిదారు గంటలు కారు నడపాలి. అదే ఆర్మీ నేషనల్ గార్డు ఆయుధశాల పక్క ఊళ్ళోనే ఉండవచ్చు. నెలకు ఒకసారి చేసే పనికి ప్రయాణ ఖర్చు చేతి నుంచి పెట్టుకోవలసి వస్తే ఎన్నాళ్ళు నిలుస్తాడు?

రెండవ కారణం చదువు. చాలా రాష్ట్రాలు తమ గార్డు సభ్యులకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ఫీజు రాయితీ ఇస్తాయి. మూడవది వృత్తి. పదాతిదళంలో నాలుగేళ్ళు గడిపినవాడు బయట పనికివచ్చే విద్య కోరుకోవచ్చు. విమాన మరమ్మతు, వైద్య సహాయం, కంప్యూటర్ నెట్‌వర్కుల నిర్వహణ వంటివి అతనికి ఎయిర్ నేషనల్ గార్డులో దొరకవచ్చు.

ఏది వెంట వస్తుంది, ఏది రాదు

సర్వీసు కాలం వెంట వస్తుంది. వేతన పట్టిక అన్ని దళాలకూ ఒకటే కాబట్టి, అదే హోదాలో, అన్నే ఏళ్ళ సర్వీసు ఉన్న వ్యక్తికి మూల వేతనం ఎక్కడైనా ఒకటే. పింఛనుకు లెక్కించే పాయింట్లూ పోవు.

హోదా మాత్రం అంత ఖాయం కాదు. కొత్త యూనిట్‌లో ఆ హోదాకు ఖాళీ ఉండాలి. లేకపోతే ఒక మెట్టు దిగి చేరమంటారు. పని కూడా మారవచ్చు. పాత దళంలో నేర్చిన విద్యకు కొత్త దళంలో సరితూగే విభాగం లేకపోతే మళ్ళీ శిక్షణా పాఠశాలకు వెళ్ళాలి. అది కొన్ని వారాలు కావచ్చు, కొన్ని నెలలు కావచ్చు. బయట ఉద్యోగంలో చేరినవాడికి ఇది చిన్న విషయం కాదు.

ప్రాథమిక శిక్షణ విషయంలో దళాల మధ్య వివక్ష ఆసక్తికరంగా ఉంటుంది. మెరైన్ శిక్షణ పూర్తిచేసినవాడిని ఆర్మీ మళ్ళీ మొదటి నుంచి శిక్షణకు పంపదు. కాని మెరైన్ కోర్ తన వంతు వచ్చేసరికి ఒప్పుకోదు. ఆర్మీలో ఎన్నేళ్ళు చేసినా సరే, మెరైన్ కావాలంటే మెరైన్ శిక్షణా శిబిరంలో మొదటి రోజు నుంచి నిలబడాలి. దళాలకు తమ సంప్రదాయంపై ఉన్న గర్వం నిబంధనల్లోకి కూడా ఎలా చేరుతుందో దీనివల్ల తెలుస్తుంది.

కాగితాల దారి

పూర్తికాల సేవ ముగించి బయటికి వచ్చేవాడి చేతికి డి.డి. 214 అనే పత్రం ఇస్తారు. అతని సర్వీసు మొత్తం అందులో ఉంటుంది. అందులోనే తిరిగి చేర్చుకోవడానికి అర్హుడా కాదా అని తెలిపే ఒక సంకేతం కూడా ఉంటుంది. ఆ సంకేతం ప్రతికూలంగా ఉంటే కొత్త దళం ప్రత్యేక మినహాయింపు ఇవ్వాలి, లేదా తలుపు మూసుకున్నట్టే.

ఇప్పటికే ఒక రిజర్వులో ఉన్నవాడు మరొక దళానికి మారాలంటే డి.డి. 368 అనే పత్రం కావాలి. దీనిని షరతులతో కూడిన విడుదల అనవచ్చు. 'మీ మనిషిని మేము తీసుకోవాలనుకుంటున్నాం, వదులుతారా' అని కొత్త దళం అడగడం, పాత దళం సంతకం చేయడం దీని సారాంశం. పాత దళం వదలకపోవచ్చు కూడా. సంతకం వచ్చిన తరువాత కూడా కొత్త దళంలో ప్రమాణం చేసేవరకు ఆ వ్యక్తి పాత యూనిట్ సభ్యుడే. ఈ మధ్యకాలంలో 'ఎలాగూ వెళ్ళిపోతున్నాం కదా' అని డ్రిల్లుకు పోకపోతే అది గైర్హాజరీగా నమోదై, మారడానికే అడ్డు తగలవచ్చు.

ఒప్పందకాలం ఇంకా మిగిలి ఉండగానే బయటపడే దారి వైమానిక దళంలో ఒకటి ఉంది. 'ప్యాలెస్ చేజ్' అనే ఆ పథకం కింద మిగిలిన పూర్తికాల సేవను రిజర్వు లేదా గార్డు సేవగా మార్చుకోవచ్చు. అయితే దళానికి ఆ వ్యక్తి అవసరం ఉంటే అనుమతి రాదు. అధికారుల సంగతి మరికొంత క్లిష్టం. కమిషన్ ఒక దళం నుంచి మరొక దళానికి దానంతట అది బదిలీ కాదు. కొత్త దళంలో కొత్తగా నియామకం జరగాలి.

ఒక హెచ్చరిక. చేరినప్పుడు బోనస్ తీసుకొని గడువుకు ముందే వదిలితే, పనిచేయని కాలానికి చెందిన భాగాన్ని సాధారణంగా తిరిగి వసూలు చేస్తారు. భర్తీ అధికారి నోటిమాటగా చెప్పిన హోదా, పని, బోనస్ ఒప్పందంలో రాసి ఉంటేనే చెల్లుతాయి.

వేతనం, పాయింట్లు: ఒక లెక్క

డ్రిల్లు అంటే నాలుగు గంటల శిక్షణ. వారాంతంలో రోజుకు రెండు చొప్పున నాలుగు డ్రిల్లులు, ఏడాదికి 48. ఒక్కొక్క డ్రిల్లుకు ఒక రోజు మూల వేతనం, అంటే నెల వేతనంలో 30వ వంతు చెల్లిస్తారు. కాబట్టి రెండు రోజుల హాజరుకు నాలుగు రోజుల వేతనం వస్తుంది. దీనికితోడు ఏడాదికి సుమారు రెండు వారాల వార్షిక శిక్షణ.

పింఛను కావాలంటే 20 'మంచి సంవత్సరాలు' పూర్తికావాలి. కనీసం 50 పాయింట్లు వచ్చిన సంవత్సరమే మంచి సంవత్సరం. పూర్తికాల సేవలో రోజుకు ఒక పాయింటు, డ్రిల్లుకు ఒక పాయింటు, సభ్యుడిగా ఉన్నందుకు ఏడాదికి 15 పాయింట్లు.

నాలుగేళ్ళు పూర్తికాలం, ఆపైన పదహారేళ్ళు రిజర్వులో పనిచేసిన వ్యక్తిని తీసుకోండి. పూర్తికాలానికి 1,461 పాయింట్లు. రిజర్వులో ఏడాదికి 48, 14, 15 కలిపి 77 చొప్పున పదహారేళ్ళకు 1,232. మొత్తం 2,693. దీనిని 360తో భాగిస్తే 7.48 సంవత్సరాలు. 2018 జనవరి 1 తరువాత చేరినవారికి ఏడాదికి 2 శాతం చొప్పున లెక్క కాబట్టి పింఛను మూల వేతన సగటులో సుమారు 15 శాతం. అంతకుముందున్న పద్ధతిలో 2.5 శాతం చొప్పున సుమారు 18.7 శాతం. ఇది మామూలుగా 60 ఏళ్ళ వయసులో మొదలవుతుంది.

ఇప్పుడు అదే వ్యక్తి దళం మారే ప్రయత్నంలో రెండేళ్ళు జాబితా రిజర్వులోనే ఉండిపోయాడనుకోండి. ఆ కాలంలో ఏడాదికి 15 పాయింట్లే వస్తాయి. అవి మొత్తంలో కలుస్తాయి గాని ఆ రెండేళ్ళూ మంచి సంవత్సరాలు కావు. పింఛను అర్హత రెండేళ్ళు వెనక్కి జరుగుతుంది. పందొమ్మిది మంచి సంవత్సరాల దగ్గర ఆగిపోయినవారికి ఈ పింఛను రానే రాదు.

యజమానులు, కుటుంబాలు

'నెలకు ఒక వారాంతం, ఏడాదికి రెండు వారాలు' అన్న పాత ప్రచార వాక్యం 2001 తరువాత సగమే నిజం. అఫ్ఘానిస్తాన్, ఇరాక్ యుద్ధాలలో రిజర్వు, గార్డు సైనికులు ఒకటికి మించి పర్యాయాలు నెలల తరబడి విదేశాల్లో పనిచేశారు. పాక్షిక కాలం అనే మాట శాంతికాలానికే వర్తిస్తుంది. ఉద్యోగం చేసే సభ్యుడిని కాపాడేందుకు 1994లో ఒక కేంద్ర చట్టం చేశారు. సైనిక సేవకు వెళ్ళిన ఉద్యోగిని తిరిగి వచ్చాక తీసుకోవడం యజమాని బాధ్యత. ఒక యజమాని వద్ద మొత్తం అయిదేళ్ళ వరకు ఈ రక్షణ ఉంటుంది, కొన్ని రకాల సేవలు ఆ పరిమితిలోకి రావు. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో సాఫ్ట్‌వేర్ పని చేస్తున్న మీ బంధువులను అడగండి. శుక్రవారం సాయంత్రం యూనిఫారం సంచితో బయలుదేరే సహోద్యోగి వారికి పరిచయమై ఉండవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్న తెలుగువారు కూడా జవానుగా చేరవచ్చు. అధికారి కావాలంటే పౌరసత్వం తప్పనిసరి.

మన దేశంతో పోలిస్తే

భారతదేశంలో దీనికి దగ్గరగా వచ్చేది టెరిటోరియల్ ఆర్మీ. 1948 చట్టం కింద ఏర్పడిన ఈ దళాన్ని 1949 అక్టోబరు 9న గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ప్రారంభించారు. సికిందరాబాదులో 125వ ఇన్‌ఫంట్రీ బెటాలియన్ ఈ దళానిదే. బయట జీవనోపాధి ఉన్న పౌరులు ఇందులో అధికారులుగా చేరి, ఏడాదిలో సుమారు రెండు నెలలు శిక్షణ పొందుతారు. మాజీ సైనికులకూ చోటుంది. అడవులు పెంచే పర్యావరణ బెటాలియన్లలో ప్రధానంగా వారే ఉంటారు. కాని పింఛను లెక్క పూర్తిగా వేరు. ఇక్కడ పాయింట్లు లేవు. ప్రభుత్వం పిలిచి పనిచేయించిన కాలమంతా కూడితే జవానుకు 15 ఏళ్ళు, అధికారికి 20 ఏళ్ళు రావాలి. కాబట్టి ఏటా రెండు నెలలు మాత్రమే పనిచేసేవారికి పింఛను దాదాపు అందని మాట. డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో మాజీ సైనికులు మళ్ళీ చేరవచ్చు, అయితే అది పూర్తికాలపు కొలువు.

అభ్యాసం: ఒక రిజర్వు సైనికురాలు ఒక ఏడాదిలో 30 డ్రిల్లులకు మాత్రమే హాజరై, వార్షిక శిక్షణకు వెళ్ళలేదు. ఆమెకు ఎన్ని పాయింట్లు వస్తాయి? అది మంచి సంవత్సరమా? మంచి సంవత్సరం కావాలంటే ఆమె ఇంకా కనీసం ఎన్ని డ్రిల్లులకు హాజరు కావలసింది?