కూరగాయల రైతు – ఉత్పాదక సామర్థ్యము

ఒకే గ్రామమున ఒకే విస్తీర్ణముగల రెండు వంగతోటలుండును. రెంటికిని సమానముగా ఎరువు వేయుదురు. రెండు కుటుంబములవారును తెల్లవాఱకమునుపే పనికి దిగుదురు. అయినను ఒకరి గంపలు నిండును, మఱియొకరివి నిండవు. చూచువారు ఆ రెండవ రైతును సోమరి యనుట కలదు. మా విద్యార్థులలో కూరగాయలు పండించువారి బిడ్డలనేకులు గలరు. కావున ఈ నింద న్యాయమో కాదో విచారింపవలెనని తలంచితిమి.

సామర్థ్యమనగా అధికముగా శ్రమించుట కాదు. ఉన్న నేల, నీరు, విత్తనము, ఎరువు, కూలి, వీనితో పండదగిన పంటలో ఎంత పండెనను లెక్కయే సామర్థ్యము. 100 గంపలు పండదగినచోట 70 పండినచో సామర్థ్యము నూటికి 70. ఆంగ్లేయ ఆర్థికశాస్త్రజ్ఞుడగు ఫారెల్ 1957వ సంవత్సరమున ఇట్టి కొలతకు మార్గము చూపెను. వనరులను వృథాపోనీయని నేర్పు ఒకటి. ధరలనెఱిగి ఏ వనరునెంత వాడవలెనో నిర్ణయించు నేర్పు రెండవదని ఆయన విభజించెను.

ఇక లోపించిన ఆ 30 గంపలు ఎచట పోయినవి?

మొదట నేలను చూతము. వరంగల్లు ప్రాంతమున ఎఱ్ఱని చల్కనేలలు విస్తారము. ఇవి నీటిని చాలకాలము నిలుపుకొనజాలవు. కావున ఒక్కమాఱు ఎక్కువగా పెట్టిన నీటికంటె, కొంచెము కొంచెముగా సకాలమున పెట్టిన నీరే మేలు చేయును. ఇట్టి నేలకు చెఱువు పూడికమట్టి మంచి మందు. కాకతీయుల కాలమునుండి చెఱువులకు పేరొందిన ఈ సీమలో, 2015వ సంవత్సరమున మిషన్ కాకతీయ పనులు మొదలైనపుడు, రైతులు పూడికమట్టిని బండ్లమీదను ట్రాక్టర్లమీదను పొలములకు తోలుకొనిరి.

రెండవది తెలివిడి. వంగను తొలుచు పురుగు కొమ్మలోనికో కాయలోనికో దూరిన పిదప పైన చల్లిన మందు దానికి చక్కగా తగులదు. వాడిన కొమ్మలను ఎప్పటికప్పుడు త్రుంచి నాశము చేయువాడు తక్కువ వ్యయముతో ఎక్కువ కాయలు దక్కించుకొనును. తెలియనివాడు మందుమీద మందు కొనును.

మూడవది అంగడి. టమాట నిలువయుండు సరకు కాదు. అందఱి పంటయు ఒక్కసారి వచ్చి ధర కోతకూలికైనను చాలనిచో, రైతు కాయలను చెట్టుననే విడుచును. దళారి లేక అమ్ముకొనుటకై 1999లో రైతుబజారులు వెలసినవి. కాని పట్టణమునకు దూరమున నున్నవానికి బండి కిరాయి తప్పదు.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, కౌలు. పూడికమట్టి ఫలము పెక్కేండ్లు నిలుచును. కౌలు ఒక్క యేటిది. వచ్చు ఏడాది తనది కాని నేలకు అప్పుచేసి మట్టి తోలించువాడెవడు? 2018లో ఆరంభమైన రైతుబంధు సాయము కూడ పట్టాదారులకే గాని కౌలుదారులకు అందలేదు. మన కథలోని రెండవ రైతు కౌలుదారుడైనచో, మట్టి తోలకుండుట సోమరితనము కాదు, సరియైన లెక్కయే.

కొలబద్ద లోటును చూపును గాని దానికి కారణమెవరో చెప్పదు. కావున విద్యార్థులారా, నిందించుటకు ముందు లెక్క వ్రాయుడు. విత్తిన దినము, పెట్టిన తడులు, కొన్న మందు, అమ్మిన ధర, చెల్లించిన కౌలు, వీనిని మీ తలిదండ్రుల నడిగి ఒక పుస్తకమున దినదినము వ్రాసియుంచుడు. పంట ముగిసిననాడు ఆ 30 గంపలు ఎచట పోయినవో ఆ పుస్తకమే తెలుపును. మీరు నేర్చిన గణితమునకు ఇంతకంటె మంచి ప్రయోజనము లేదని మా యభిప్రాయము.