మగ్గం దిగడానికి ఎంత కావాలి?

మన నేత ఇండ్లలో ఏభై దాటిన వారిని పలకరిస్తే చాలు, "ఇంకెన్నాళ్లీ మగ్గం?" అన్న మాట వినబడుతున్నది. షోలాపూరులో మరమగ్గాల మీద రాత్రి షిఫ్టు చేసే వారిదైనా, బరంపురంలో గుంట మగ్గం మీద పట్టు నేసే వారిదైనా, సేలం, దొడ్డబళ్ళాపురం వారిదైనా ప్రశ్న ఒక్కటే. నలభై దాటితే చత్వారం వచ్చి తెగిన పోగు కనబడదు. ఏభై దాటితే నడుము, మోకాళ్లు మొరాయిస్తాయి. సర్కారు ఉద్యోగికి దిగే తేదీ కాగితం మీద ఉంటుంది. మన తేదీని మనమే నిర్ణయించుకోవాలి కనుక, అందుకు ఎంత సొమ్ము కావాలో ఇక్కడ లెక్క వేసి చూపదలచినాము.

మనవారు సాధారణంగా ఈ లెక్కను కూలి నుండి మొదలు పెడతారు. నెలకు ఇంత కూలి వస్తున్నది గనుక దిగిన తరువాత కూడా అంతే రావాలంటారు. ఇది సరికాదు. ఆ కూలిలోంచే మగ్గం మరమ్మతు, మరమగ్గమైతే కరెంటు బిల్లు, షావుకారు బాకీ కింద కోత పోతున్నవి. మగ్గం దిగిన నాడు వీటిలో కొన్ని ఉండవు. మందుల ఖర్చు వంటివి పెరుగుతాయి. కాబట్టి వచ్చేది కాక పోయేది వ్రాయవలెను.

ఒక కుటుంబాన్ని ఊహించుకొందాము. భర్తకు 50 ఏళ్లు, భార్యకు 45. ఇల్లు సొంతం, పిల్లలు వేరు కాపురం. తిండి, పాలు, గ్యాసు, ఇంటి కరెంటు కలిపి నెలకు 12,000 రూపాయలు. పండుగలు, పెళ్లిళ్లలో చదివింపులు, మందులు, ప్రయాణాలకు ఏడాదికి మరో 24,000. మొత్తం ఏడాదికి 1,68,000, అనగా నెలకు 14,000.

అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో ఒక లెక్క ప్రకటించినాడు. కూడబెట్టిన దానిలో మొదటి ఏడాది నూటికి నాలుగు వంతున తీసుకొని, ఆపైన ధరలు పెరిగిన మేరకే పెంచుకొంటూ పోతే, ఆ దేశపు పాత అనుభవాన్ని బట్టి సొమ్ము కనీసం ముప్పై ఏళ్లు నిలుస్తుందని దాని సారాంశము. తిరగవేసి చూస్తే ఏడాది ఖర్చుకు ఇరవై అయిదు రెట్లు కావాలన్న మాట. అయితే ఆయన లెక్కలో సగం నుండి ముప్పావు వంతు దాకా సొమ్ము షేర్లలో ఉన్నది. మనవారి సొమ్ము బంగారంలోను, చీటీలలోను ఉంటుంది. అందుచేత ఇరవై అయిదు రెట్లన్నది మనకు కొంచెం బిగుతు లెక్కే. అయినా సులువు కోసం దానినే పట్టుకొందాము.

మన కుటుంబానికి ఆ ప్రకారం 42 లక్షలు కావాలి! 2019–20 చేనేత గణనలో మూడింట రెండు వంతుల నేత కుటుంబాల ఆదాయం నెలకు 5,000 లోపేనని తేలింది. అటువంటి ఇంట 42 లక్షల మాట ఎత్తితే నవ్వుతారు. నవ్వి పుస్తకం మూయవద్దని మా కోరిక. ఇదే లెక్కను చిన్న ముక్కలు చేసి చూడండి. నెలకు 1,000 అంటే ఏడాదికి 12,000. దానికి ఇరవై అయిదు రెట్లు 3 లక్షలు. అనగా నెల ఖర్చులో తగ్గించిన ప్రతి వేయి, లేక మగ్గం లేకుండా వచ్చే ప్రతి వేయి, కూడబెట్టవలసిన దానిలో 3 లక్షలు తగ్గిస్తుంది. మగ్గాల షెడ్డును ఎవరికైనా నెలకు 3,000 అద్దెకు ఇవ్వగలిగితే అది 9 లక్షలతో సమానము.

అప్పు సంగతి ఇంకా విచిత్రము. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష ఉన్నదనుకోండి. నెలకు వడ్డీయే 2,000. మగ్గం దిగిన తరువాత కూడా ఆ వడ్డీ కట్టుకొంటూ పోవాలంటే మన లెక్క ప్రకారం 6 లక్షలు కావాలి. తీర్చివేస్తే లక్షతో పోతుంది. బిడ్డ పెళ్లికి చేసిన అప్పును "పనిచేస్తూనే ఉన్నాముగా" అని ఏళ్ల తరబడి వడ్డీలతో నెట్టుకొచ్చే ఇండ్లను మేము చాలా చూచినాము. దాపుడు సొమ్ము మొదట పోవలసిన చోటు అదే.

ఇంకొక సంగతి కూలి చీటీలో కనబడదు. చేమగ్గం ఇంట భర్త నేస్తాడు, భార్య కండెలు చుడుతుంది. కూలి మాత్రం ఒకరి పేర వస్తుంది. ఆయన దిగిన నాడు ఆమె పని కూడా ఆగిపోతుంది. ఆమె మరొక ఇంటికి కండెలు చుట్టి నెలకు 2,000 తెచ్చినా, పై లెక్కలో అది 6 లక్షలు. దిగేది ఆయన కాబట్టి లెక్క కూడా ఆయన ఒక్కడే వేసుకొంటున్నాడు. ఇది మాకు నచ్చదు.

ఇక పింఛన్లు. 2015లో మొదలైన అటల్ పింఛను పథకంలో 18 నుండి 40 ఏళ్ల వారే చేరగలరు. పింఛను 60 నిండిన తరువాతనే. మన ఊహా భర్త 40వ ఏట చేరి నెలకు 1,454 కడుతూ వచ్చినాడనుకొంటే అతనికి 60 ఏట 5,000 వస్తుంది. కాని ధరలు ఏటా నూటికి 6 వంతున పెరిగితే పదేళ్ల తరువాతి 5,000 నేటి 2,800 పాటి చేస్తుంది. లెక్కలో వ్రాయవలసినది 2,800 మాత్రమే. భార్య అయిదేళ్లు చిన్నది గనుక ఆమె పింఛను ఆ పైన అయిదేళ్లకు. ఇంట్లో పద్ధెనిమిదేళ్ల కుర్రవాడుంటే అదే 5,000కు నెలకు 210 చాలు. వాణ్ణి ఇప్పుడే చేర్చండి.

మిల్లులోనో, ఇరవై మందికి పైగా ఉన్న కార్ఖానాలోనో పని చేసి ప్రావిడెంటు ఫండు కట్టిన వారికి, పదేళ్ల సర్వీసు ఉంటే, 58 ఏట పింఛను ఉన్నది. 50 దాటితే ముందే తీసుకోవచ్చును గాని ముందుకు జరిపిన ప్రతి ఏటికి నూటికి నాలుగు కోస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఏభై దాటిన నేత కార్మికులకు 2024 జూలై నుండి నెలకు 4,000 ఇస్తున్నారు. అది అక్కడి నివాసులకు. యానాం వారు పక్క ఊరి చుట్టానికి వచ్చేదాన్ని చూసి తమ లెక్కలో వేసుకోరాదు.

అందుచేత అసలు ఇరుకు 55 నుండి 60 దాకా. ఒక్కసారిగా దిగితే ఆ అయిదేళ్లకే 8,40,000 కావాలి. సగం పని చేసి నెలకు 6,000 తెచ్చుకొంటే 4,80,000 సరిపోతుంది. పగటి వెలుతురులోనే నేసి, దీపం పెట్టే వేళకు ఆపేయడం కళ్లకు కూడా మంచిదే. (ధరల పెరుగుదలను, వడ్డీని ఒకదానికొకటి చెల్లుగా వదిలివేసినాము.)

పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకం గురించి తరచుగా అడుగుతున్నారు. 2024లో వడ్డీ నూటికి 7.4, ఒకరి పేర 9 లక్షలు వేస్తే నెలకు 5,550, ఇద్దరి పేర 15 లక్షలు వేస్తే 9,250. నమ్మకమైనదే. కాని అయిదేళ్లూ అదే 9,250. పన్నెండేళ్లలో ధరలు రెట్టింపైతే, వడ్డీ అంతా తింటూ వచ్చిన వారికి అసలు కూడా సగం విలువకు వస్తుంది. వచ్చిన వడ్డీలో మూడో వంతైనా తిరిగి దాచేవారికే ఇది ఆసరా.

ఉగాది నుండి ఉగాది దాకా ఒక నోటు పుస్తకంలో ఇంటి ఖర్చు వ్రాసి చూడండి. మగ్గం ఖర్చు ఒక పేజీ, ఇంటి ఖర్చు ఎదుటి పేజీ. కిరాణా కొట్టు ఖాతా, కిళ్లీలు, టీ నీళ్లు కూడా వదలరాదు. పుస్తకం ఇల్లాలి దగ్గర ఉంటే మేలు. పాలవాడికిచ్చింది ఆమెకే గుర్తుంటుంది.